ఉద్యోగం వెతుక్కోవడం పని కాదా

ఈ వీడ్కోలు సభకు పెద్దదిక్కుగా కూర్చున్న డైరెక్టర్ గారికి, నాకు పని నేర్పిన పెద్దలకు, ఎదురుగా ఉన్న నా సెక్షన్ పిల్లలకు (మీలో కొందరికి జుట్టు నెరిసినా నాకు పిల్లలే) అందరికీ నమస్కారం.

నాకు ముందు మాట్లాడినవాళ్లు నన్ను ఆకాశానికెత్తేశారు, దిగడానికి నిచ్చెన మాత్రం ఎవరూ వెయ్యలేదు. (నవ్వులు) నవ్వకండి స్టాంపు బాబాయ్, మీ సంగతీ చెప్తాను. మన కౌంటర్ దగ్గర తల్లులు వేచి ఉంటే, పిల్లల ఏడుపు మాన్పడానికి ఈయన చిత్తుకాగితాలూ ఓ పాత స్టాంపూ ఇచ్చి కూర్చోబెట్టేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారి తెల్లచొక్కా వెనక 'మంజూరు' అని పడింది. ఆయన సాయంత్రందాకా అలాగే తిరిగారు, చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. (నవ్వులు)

మన ఆఫీసు చేసే మేలు చిన్నది కాదు. పనికి వెళ్లే తల్లిదండ్రులు పిల్లల్ని చూసుకునే కేంద్రానికి కట్టే ఫీజులో సగానికి పైగా ప్రభుత్వమే భరిస్తుంది. కానీ ఉద్యోగం పోతే, ఆ నెలతోనే సాయమూ ఆగిపోతుంది. కుట్టుపని చేసే ఒకావిడ, నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని వచ్చి, "ఉద్యోగం వెతుక్కోవడం పని కాదా మేడమ్? దీన్నెత్తుకుని వెళ్తే గేటు దగ్గరే పొమ్మంటున్నారు" అంది. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది ఆ నిబంధన. మార్చమని పైకి రాశాం. పరిశీలనలో ఉందన్నారు.

ఇంకా సర్వీసు ఉండగానే ఎందుకు వెళ్తున్నావని అందరూ అడిగారు. ఆరోగ్యం బాగాలేదన్నాను. నిజానికి నేను గుండ్రాయిలా ఉన్నాను. మా అమ్మాయి పనిచేసే ల్యాబ్ మూతపడింది. అల్లుడిది ఊరూరా తిరిగే ఉద్యోగం. మా మనవడి సాయం ఆపింది మన సెక్షనే, రూలు ప్రకారం అది సరైనదే. సంతకం చేసిన అమ్మాయి అదిగో, ఆ మూల కళ్లు తుడుచుకుంటోంది. నీ తప్పేం లేదమ్మా. ఈ పని నాకు ప్రాణం. వదిలి వెళ్లాలని లేదు, దాచను.

డైరెక్టర్ గారూ, నాకు కానుకలు వద్దు. ఉద్యోగం పోయినవాళ్లకి మరొకటి దొరికేదాకా, ఓ మూడు నెలలైనా సాయం ఆపకండి. మా మనవడి కోసం అడగడం లేదు, వాడికి అమ్మమ్మ ఉంది. ఆ కుట్టుపని ఆవిడకి ఎవరూ లేరు.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. భోజనాలకి ఉండమంటున్నారు గానీ, ఉండలేను. ఇంకాసేపట్లో మా అమ్మాయికి ఇంటర్వ్యూ. పిల్లాడి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. సెలవు.