ఎర్రగుడ్డ కట్టిన బండి

హలో… ఆ, నేనేనండీ, దుర్గాశ్రీనివాస్‌ని… గుడివాడ కార్ల షెడ్డేనండీ. మీరెవరూ…

…భూషణం మావయ్యా.

లేదు, గొంతు గుర్తుపట్టాను. నంబరు కొత్తదని… పక్కనాయన ఫోనా… మీ ఫోన్లో చేస్తే ఎత్తటం లేదనా… పనిలో పడి చూసుకోలేదు మావయ్యా…

…నిజమే. చూశాను. ఎత్తలేదు.

చెప్తాను. ముందు మీరెక్కడున్నారో… చల్లపల్లి బస్టాండా. కోడూరు నుంచి పొద్దున్నే బయల్దేరారా… ఒక్కరే కదా…

నాంచారమ్మ అత్తయ్య కూడానా.

ఆవిడ బస్సెలా ఎక్కారు… మీరొక రెక్కా, కండక్టరొక రెక్కా… తుంటి విరిగినప్పటి నుంచీ కాలు మడవలేని మనిషిని ఎందుకు తెచ్చారు మావయ్యా…

…తిరిగి వెళ్లేటప్పుడు మన అంబాసిడర్ ఉంటుంది కదా అనా. వెనక సీట్లో కాలు చాపుకుని వస్తుందనా…

వింటున్నాను… బండి షెడ్డుకి వచ్చినప్పటి నుంచీ ఆవిడ గడప దాటలేదా. ఆసుపత్రికి కూడానా… ఆటోలో కాలు పట్టదు, అవును, తెలుసు…

'శ్రీను పెయింటు ఆరేలోపు బందరు సముద్రం ఆరిపోయేలా ఉంది' అన్నారా… అని నవ్వారా అత్తయ్య…

మావయ్యా, గుడివాడ బస్సు ఎక్కకండి.

…ఆరిందండీ పెయింటు. అది కాదు… టింకరింగూ కాదు. ఇన్నాళ్లూ నేను చెప్పినవన్నీ అబద్ధాలు… అవునండీ. ప్రతిసారీ.

మీ బండి లేదు మావయ్యా.

దొంగలు కాదు… అమ్ముకోలేదు… కోసేశాం.

—

కోసేశామంటే… గ్యాస్ కట్టర్‌తో, ముక్కలుగా మావయ్యా.

ఎలాగంటే… కైకలూరులో హరిబాబు గారని, చేపల చెరువులాయన, పాతకాలపు కారులాంటిది చేయించుకుంటున్నారు. హాట్ రాడ్ రోడ్‌స్టర్ అంటారు… అదేనండీ, పైన టాపుండదు, ముక్కు పొడుగు, ముందు చక్రాలు ఒంటి బయట, ఇంజను కళ్లకు కనపడుతూ… కోయటానికని ఆయన పాత అంబాసిడరొకటి ఇచ్చారు. అదీ తెలుపే, మీదీ తెలుపే. వెనక గోడవార, రెండూ ఒకే పట్టా కింద.

మా షెడ్డులో కోయాల్సిన బండికి స్టీరింగు మీద ఎర్రగుడ్డ కడతాం… మీకెలా తెలుస్తుంది. అత్తయ్య తప్పేం లేదు. బండి బాగుపడి ఇల్లు చేరాలని మీ స్టీరింగుకి అమ్మవారి ఎర్రగుడ్డ కట్టించారు. నేనే హరిబాబు గారిదానికి కట్టటం మరిచి బందరు వెళ్లాను. అక్కడి నుంచి ఫోన్లో మా పనివాడితో, 'ఎర్రగుడ్డ ఉన్నదాన్ని కోసెయ్ ప్రకాష్' అన్నాను…

లేదు, అతన్నేమీ అనకండి. మాట నాది. అతను విన్నాడంతే.

…అంతవరకే అయితే ఆ రోజే కోడూరు వచ్చి మీ కాళ్ల మీద పడేవాణ్ణి.

సాయంత్రానికి తిరిగొచ్చాను మావయ్యా. అప్పటికి టాపొక్కటే పోయింది. ఆపొచ్చు. మళ్లీ అతికించొచ్చు… ఆపలేదు.

ఎందుకంటే ఏం చెప్పను… రోజూ కడిగి, రోజూ తుడిచి, మీరు పెంచుకున్న బండి. ఎక్కడ తట్టినా గంటలా మోగే రేకు. ఆయనిచ్చినదాని అడుగంతా తుప్పు, ఇంజనైనా లేదు… అవునండీ. ఆశ పుట్టింది. ఇంత మంచి రేకు మళ్లీ నా చేతికి రాదనిపించింది. ఒక రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక సుత్తి పట్టుకున్నాను.

అనండి… పడతాను… ఆ మాటా పడతాను.

దాంతో చేసిన కారు ఎలా వచ్చిందా… అది మాత్రం అడగొద్దు మావయ్యా.

…బాగా వచ్చింది. చూసినవాళ్లంతా ఆగి మెచ్చుకుంటున్నారు. ఒక్కొక్కరు మెచ్చుకుంటుంటే నాకు ఒక్కో గరిట నిప్పు మింగినట్టుంది. హరిబాబు గారు సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నారు.

మీరక్కడే కూర్చోండి, అద్దెకారు మాట్లాడి పంపుతాను. కోడూరులో ఇంటి ముందు దింపుతాడు… ఇవాళ సరే, రేపట్నుంచి ఎలా అనా…

అత్తయ్యకి మీరు నెమ్మదిగా… చెప్పరా. నేనే చెప్పాలా… ఇప్పుడే ఇవ్వకండి, ఒక్క నిమిషం ఆగండి, మావ—

…అత్తయ్యా. నమస్కారమండీ… ఆ, శ్రీనునే… తిన్నాను. మీరు తిన్నారా… ఎండలో లేరు కదా…

అత్తయ్యా, మీ బండిని కోసేశాను. పొరపాటున మొదలైంది. ఆ తర్వాత తెలిసే చేశాను.

—

…ఇంజను మీదేనండీ… చక్రాలూ మీవే. స్టీరింగూ… నడుస్తుంది. బాగానే నడుస్తుంది… సీటొకటే, ఇద్దరు పడతారు… కాలా… చాపుకోవచ్చు. ముక్కు పొడుగు కదా, కాళ్ల దగ్గర చోటు ఎక్కువే.

ఎందుకడుగుతున్నారు…

…వస్తారా. వచ్చి, 'మా బండి మేము తీసుకెళ్తాం' అంటారా… కాదనటానికి నేనెవర్ని. హరిబాబు గారికి నేను చెప్పుకుంటాను. ఆయన చెయ్యి చేసుకున్నా నా మీదే చేసుకుంటారు… అది కాదత్తయ్యా. అందులోకి మీరు ఎక్కలేరు.

దానికి తలుపులు పెట్టలేదు. గోడ దూకినట్టు దూకి కూర్చోవాలి… ఫ్యాషనండీ… అలాగే అడిగారాయన.



…తలుపు కోయమంటారా… ఇప్పుడా… రంగు, పాలిషింగు అన్నీ అయిపోయాయండీ, ఇప్పుడు మళ్లీ దాన్ని…

…అలాగే. మాట్లాడను.

మీ బస్సు వచ్చేలోపు… అవుతుంది. మీరు అడుగు పైకెత్తక్కర్లేకుండా, నేల దాకా కోస్తాను… లేదండీ, క్షమించమని అడగటం లేదు… మావయ్యని జాగ్రత్తగా ఎక్కించమనండి, పామర్రులో దిగి మారక్కర్లేని బస్సు చూసుకోండి… ఉంటానత్తయ్యా.

…

ప్రకాష్, గ్యాస్ కట్టర్ ఇటు పట్రా. ఎడమ పక్క, సీటు దగ్గర, తలుపంత… హరిబాబు గారిది కాదది… పోతే పోనీ రంగు. నువ్వుండు, నేనే కోస్తాను.