డూగల్ బూట్లు ఎత్తుకెళ్ళిన కీయా

పొద్దున్నుంచీ కొండ కనబడలేదు. మబ్బు ఉన్ని కత్తిరించే కొట్టం కప్పుదాకా దిగింది. ఆ రోజు పని లేదని కుక్కలకు కూడా తెలిసిపోయింది. వంటగది వరండాలో టీ కెటిల్ మూడోసారి పొయ్యెక్కింది.

ఏప్రిల్ నెల, భూగోళం ఈ దక్షిణపు కొసన చలికాలం ముంచుకొచ్చే వేళ. మంచు పడేలోపు మూడు వేల మెరినో గొర్రెల్ని పై మేతల నుంచి నది ఒడ్డుకు దించాలి. వాలు మీద ఒకరి కింద ఒకరు నడుస్తారు. పైదారి, నడిమిదారి, కిందిదారి. పైదారివాడు ముందురోజే ఎక్కి శిఖరం కింది గుడిసెలో పడుకుని, తెల్లారగానే ఈల వేస్తాడు. అది వినబడేదాకా నడిమిదారివాడు కదలకూడదు. పోయినేడు ఈల వినబడలేదు. నడిమిదారిలో ఉన్న నెవిల్ ఐదు గంటలు మబ్బులో నిలబడి, ఎడమ కాలి వేళ్ళు రెండు చలికి పోగొట్టుకున్నాడు. ఈ ఏడు నడిమిదారి మెరేకి ఇచ్చారు. వంటవాడు తామతి కూతురే మెరే.

పైదారి ఎవరిదో ఫారం నడిపే ఐలా ఇంకా పలక మీద రాయలేదు. ముప్ఫై ఏళ్ళుగా అది డూగల్ స్టిరట్‌ది. ఇప్పుడాయనకి అరవై ఏడు. పోయినేడు కాళ్ళకు గోనెసంచులు చుట్టుకుని దిగివచ్చి, కీయాలనే కొండచిలకలు బూట్లు ఎత్తుకెళ్ళాయన్నాడు. అప్పుడు అందరూ నెవిల్ కాలు చూసే హడావిడిలో ఉండి ఎక్కువ అడగలేదు. ఐలా ఇవాళ అడిగింది.

కీయా బూటు ఎత్తుకెళ్ళడంలో నమ్మలేనిదేమీ లేదు. పాచి రంగు వీపు, కొక్కెం లాంటి ముక్కు ఉన్న చిలక ఒకటి అప్పుడు కూడా వరండా కమ్మీ మీద కూర్చుని ఉంది. ఐలా ట్రక్కు అద్దం చుట్టూ రబ్బరు సగం పీకింది అదే. అందుకే ఇక్కడ ఎవరూ బూట్లు కింద వదలరు, దూలాల మధ్య కట్టిన తీగకు తగిలిస్తారు. ప్రతి గుడిసెలో ఆ తీగ కట్టింది డూగలే. కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ మొదటి రోజే దాని గురించి తిట్టేదీ డూగలే.

తామతి గుమ్మం దగ్గర బల్ల మీద రొట్టెపిండి పిసుకుతూ వింటున్నాడు. పోయిన వారం గుర్రాల మీద సరుకులు పైకి చేరవేస్తూ, వాన తప్పించుకోడానికి సగం దారిలో ఉన్న పాత గుడిసెలోకి వెళ్ళాడు. అక్కడ చూసింది ఎవరికీ చెప్పలేదు. డూగల్‌తో ఇరవై ఆరేళ్ళ స్నేహం మరి.

డూగల్ తీగ మీంచి తన బూటొకటి దించి, అందరికీ కనబడేలా కాళ్ళ ముందు పెట్టుకున్నాడు. కమ్మీ మీద కీయా ఒక అడుగు పక్కకి జరిగింది.

"పెద్ద సంగతేం కాదు" అని మొదలుపెట్టాడు. "శిఖరం కింది గుడిసె. సాయంత్రం అలా గడప మీద కూర్చున్నా. ఒక కీయా వచ్చి లేసు లాగింది. లాగితే లాగిందని రెండు ముళ్ళేశా. విప్పింది. నాలుగేశా. తల ఇటు పెట్టి చూసింది, అటు పెట్టి చూసింది, విప్పింది. అప్పుడు మా తాత పడవ మీద నేర్చుకున్న ముడి ఒకటుంది, అది పదిహేడు మెలికలు, నాకే విప్పడం రాదు, అదేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"విప్పింది" అన్నాడు నెవిల్.

"విప్పలేదు. ఎగిరిపోయింది. అదీ దాని తెలివి. వెళ్ళి వాళ్ళ ముసలిదాన్ని పిలుచుకొచ్చింది."

ముసలి కీయా ముక్కు సగం అరిగిపోయి ఉందట, ఒక కన్ను లేదట. అది ముడి చుట్టూ రెండుసార్లు నడిచి, మిగతావాటిని వరుసలో కూర్చోబెట్టి, నిదానంగా, ప్రతి మెలిక దగ్గరా ఆగి అందరికీ చూపించి మరీ విప్పిందట. తెల్లారేసరికి బూట్లు లేవు. ఐదు పక్షులు ఒక బూటు, ఐదు ఇంకో బూటు, లేసు కొసలు ముక్కున పట్టుకుని కనుమ దాటిస్తున్నాయట. తను వట్టి కాళ్ళతో మంచులో వెంటపడ్డాడట. మోకాలిలోతు మంచు అని ముందన్నాడు. రెండో కప్పు టీ వచ్చేసరికి అది నడుందాకా లేచింది.

"మరి ఈల?" అంది ఐలా. ఆమె పలక ఒళ్ళో పెట్టుకుని, సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతోంది.

"అక్కడికే వస్తున్నా. ఈల వేద్దామని నోరు తెరిచానా, నాకంటే ముందే ఈల వినబడింది. అచ్చం నాదే. నా కుక్క ఫ్లై నా మొహం చూసింది, పక్షి మొహం చూసింది, పక్షి మాటే విన్నది. ఎడమకి అంటే ఎడమకి, ఆగమంటే ఆగింది. ముప్ఫై ఏళ్ళలో నేనెప్పుడూ అంత శుభ్రంగా మందను తిప్పలేదు, ఒప్పుకుంటున్నా. మందంతా కదిలిపోతోంది, నేను బండ మీద కూర్చుని చూస్తున్నా, కూలివాడి పని చూస్తున్న యజమానిలాగా."

"ఆ ఈల నాకు వినబడలేదే" అన్నాడు నెవిల్.

"గాలి అటుంది."

"ఆ రోజు గాలే లేదు, డూగల్."

"పైన ఉంది" అన్నాడు డూగల్, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ తర్వాత కథని పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. సాయంత్రం ముసలి కీయా ఆయన టోపీ పెట్టుకుని గుడిసెలో పొయ్యి ముందు కూర్చుందట. మిగతావి పదకొండు చుట్టూ చేరి ఆ రోజు పనిలో తప్పొప్పులు మాట్లాడుకున్నాయట. మందను దించినవాళ్ళు గుడిసె గోడ మీద పేరు రాయడం ఆచారం కదా, పెన్సిలు ముక్క కూడా అడిగిందట.

"ఏం పేరు రాసింది, బాబాయ్?" అంది మెరే.

"నాదే రాసింది. దానికి పేరాశ లేదమ్మా."

అందరూ నవ్వారు. నెవిల్ కూడా నవ్వాడు, కాలు ముడుచుకుంటూ. డూగల్ ఆ నవ్వు చల్లారనివ్వకుండా ముందుకి వంగాడు. చివరికి ఒప్పందం కుదిరిందట. ఏటేటా మందను దించేటప్పుడు కీయాలు పై వాలు చూసుకుంటాయి, బదులుగా బూట్లు వాటివి. అందుకే వదిలేసి వచ్చాడట. దొంగతనం అనడం వాటిని అవమానించడమేనట.

"ఐలా, అందుకే చెప్తున్నా. ఇంకెవణ్ణి పంపినా ఆ పక్షులు ఒప్పుకోవు. పైదారి నాకే రాయి."

ఐలా నవ్వు ఆపుకుంటూ సుద్దముక్క పలక మీద ఆనించింది. పోయినేటి సంగతి అక్కడితో తేలిపోయేలా ఉంది. తామతి పిండి వదిలి కూతురి వైపు చూశాడు. మెరే తన మూట అప్పుడే సర్దుకుంటోంది, రెండు జతల మేజోళ్ళు, ఒక రొట్టె, అంతే. ఈల కోసం ఎంతసేపు నిలబడాలో తెలియని పిల్ల.

తామతి చేతులు తుడుచుకున్నాడు.

"డూగల్, ఆ బూట్లు నేను చూశాను."

"ఎక్కడ?"

"సగం దారి గుడిసెలో."

"పడేసుంటాయి. బరువు కదా."

"పడేయలేదు. తీగకి ఉన్నాయి. రెండు లేసులూ కలిపి ముడేసి, దూలాల మధ్య తీగకి తగిలించి ఉన్నాయి. తలుపుకి బయట గడియ. కింద మంచం మీద దుప్పటి నీదే. మనందరికీ నువ్వెలా నేర్పావో అలా తగిలించి ఉన్నాయి."

ఎవరూ నవ్వలేదు. నెవిల్ డూగల్‌ని చూడలేదు, తన ఎడమ కాలినే చూసుకున్నాడు.

"అయితే" అన్నాడు డూగల్, "చెప్పిన మాట విన్నాయన్నమాట. తీగకి తగిలించమనే చెప్పాను."

ఆ మాటకి ఇంకో రోజైతే వరండా నవ్వులతో ఎగిరిపోయేది. ఈసారి ఆయన గొంతే సగంలో దిగిపోయింది. ఎవరూ అడక్కుండానే అన్నాడు. "సగం దారికే పాదాలు వాచాయి. పొద్దున బూటు ఎక్కలేదు."

"ఈల అక్కణ్ణించైనా వేయాల్సింది" అన్నాడు నెవిల్.

"వేస్తే నేనెక్కడున్నానో తెలిసిపోతుంది కదరా."

ఐలా పలక మీద పైదారికి నెవిల్ పేరు రాసింది. డూగల్ పేరు నది ఒడ్డు గేటు కాపలాకి రాసింది. రాసి, పలకని అందరికీ కనబడేలా గోడకి ఆనించింది. తామతి మళ్ళీ పిండిలో చేతులు పెట్టాడు.

కమ్మీ మీది కీయా ఎప్పుడు దిగిందో, నేల మీద ఉంది. నాలుగు గెంతుల్లో బూటు దగ్గరికి వచ్చి లేసు ముక్కున పట్టుకుంది. డూగల్ లేసు దాని ముక్కులోంచి లాక్కుని, లేచి, బూటుని తీగ మీద ఉన్న దాని జతతో కలిపి రెండు ముళ్ళేశాడు. కీయా తల ఇటు పెట్టి చూసింది, అటు పెట్టి చూసింది. తర్వాత ఐలా ట్రక్కు మీద మిగిలిన రబ్బరు సంగతి చూడ్డానికి ఎగిరిపోయింది.