చంకలో అరగంట

అధ్యక్షత వహించిన సూపరింటెండెంటు డాక్టరుగారికి, ముందువరుసలో కూర్చున్న పెద్దలకు, నర్సమ్మలకు, వార్డుల్లో పని సగంలో వదిలి వచ్చి గోడకు ఆనుకుని నిలబడిన నా తోటివాళ్లకు, ఇరవై తొమ్మిదేళ్లుగా సూదులు గుచ్చినా నన్ను తిట్టకుండా, తిట్టినా నాకు వినపడకుండా తిట్టిన కర్నూలు ప్రజలకు నమస్కారం.

డాక్టరుగారు నన్ను శాస్త్రజ్ఞుడన్నారు. రక్తపరీక్షల గదిలో గాజుపలకలు కడిగి, సూక్ష్మదర్శినిలో చూసింది చూసినట్టు రాసినవాణ్ణి నేను. ఈ ఆసుపత్రిలో నా అసలు పేరు 'చంకసీసా నారాయణప్ప' అని ఆయనకు తెలియక కాదు, మర్యాదకు అనలేదు. (నవ్వులు.)

కొత్తవాళ్ల కోసం చెబుతాను. ఒకరి రక్తం మరొకరికి ఎక్కించే ముందు, ఇచ్చేవాళ్ల ఎర్రకణాలను, పుచ్చుకునేవాళ్ల రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపునీళ్లతో, అంటే సీరంతో కలిపి, ఒంటివేడిలో అరగంట ఉంచాలి. అందుకు వేడిపెట్టె ఒకటి ఇచ్చారు గానీ, కరెంటు ఉంటే అది పెట్టె, లేకపోతే ఉత్త రేకుడబ్బా. అందుకని ఆ చిన్న గొట్టానికి బిరడా పెట్టి, గుడ్డలో చుట్టి, ఎడమ చంకలో ఇరికించుకుని వరండాలో తిరిగేవాణ్ణి. రోగి బంధువులు వెంటపడేవారు. "ఏమప్పా, ఆడ మనిషి పోతాంటే ఈడ చెయ్యి ముడుచుకోని తిరుగుతాండావే?" అనేవారు. మా అటెండరు ఏసురాజు వాళ్లను ఆపుతూ, "ఉండండప్పా, అయ్య గుడ్లు పొదుగుతాండాడు" అనేవాడు. ఏసురాజూ, తల దించుకోవద్దు, నాకు అన్నీ వినపడ్డాయి. (నవ్వులు.)

ఇంత మొండితనం ఎందుకంటే, ఎర్రకణం పైపొర మీద కొన్ని గుర్తులుంటాయి, సీరంలో కొన్ని ప్రోటీన్లుంటాయి. ఏ ప్రోటీనుకు ఏ గుర్తు సరిపోతుందో దాన్నే వెతుక్కుని పోయి పట్టుకుంటుంది, పక్కన ఇంకెన్ని ఉన్నా తాకదు. పెద్ద ప్రోటీన్లయితే రెండు కణాలను ఒకేసారి పట్టి లాగుతాయి, కణాలు ముద్దకడతాయి, మన కంటికి తెలుస్తుంది. చిన్నవి అట్లా కాదు. ఒక కణం మీద కూర్చుంటాయి, రెండోదాన్ని అందుకోలేవు. పలక మీద చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ రక్తం ఒంట్లోకి పోయాక, అవి కూర్చున్న కణాలను ఆ ఒళ్లే పగలగొడుతుంది. ఆ గుర్తును గానీ, దాన్ని పట్టుకున్న ప్రోటీనును గానీ నేను ఒక్కనాడూ చూడలేదు. నా సూక్ష్మదర్శినికి అందేవి కావు. ఒక్కసారి చూడాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

పందొమ్మిదివందల నలభైమూడులో నాకివేవీ తెలియవు.

మా ఇంటామె రామేశ్వరమ్మ నా సొంత అక్క కూతురు. మేనమామకు పిల్లనివ్వడం మన దిక్కున మామూలే కదా. మొదటి కాన్పు బిడ్డ బాగుంది. రెండో బిడ్డ పుట్టిన మర్నాటికే ఒళ్లంతా పచ్చబడి చనిపోయింది. మూడో కాన్పులో రక్తం పోవడం ఆగలేదు. మా అక్క నా చొక్కా పట్టుకుని, "నీ రక్తమూ దాని రక్తమూ ఒకటే కదప్పా, ఇంకా ఏం చూస్తాండావు, ఎక్కించు" అనింది. నేనూ అదే నమ్మాను. అయినా పరీక్ష చేశాను, రెండే నిమిషాలు. పలక మీద ముద్దకట్టలేదు. సరిపోయిందని డాక్టరుకు నేనే చెప్పాను, నా రక్తమే ఇచ్చాను. ఎక్కుతుండగానే ఆమె నడుము పట్టుకుని, "చలి పెడతాండాది మామా" అనింది. దుప్పటి కప్పాను. మూడోనాడు పోయింది.

ఏడేళ్ల తర్వాత మద్రాసులో శిక్షణకు పంపితే, అక్కడ ఈ చిన్న ప్రోటీన్ల పాఠం చెప్పారు. మేనరికమైనా సరే, భర్త కణాల మీది గుర్తు భార్యకు లేకపోవచ్చునని, కాన్పుల్లో బిడ్డ రక్తం సోకి ఆమెలో ఆ గుర్తును పట్టే ప్రోటీన్లు పుట్టి ఉండవచ్చునని అన్నారు. అందరూ రాసుకున్నారు. నేను కలం పక్కన పెట్టేశాను. ఆనాడు వేడిలో అరగంట ఉంచివుంటే నాకు కనబడేదా? కనబడేదేమో, కనబడేది కాదేమో. ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

పోయిన శ్రావణంలో కోడుమూరు నుంచి సుంకులమ్మను తెచ్చారు. కాన్పయింది, రక్తం పోతోంది. భర్త తిమ్మన్న ఆమెకు మేనమామే. "మా ఇద్దరిదీ ఒకటే రక్తం సార్" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పలక మీద ఏమీ లేదు. గొట్టం చంకలో పెట్టుకున్నాను. అరగంటయ్యాక ఆ కణాలను ఉప్పునీళ్లతో కడిగి, కుందేలు నుంచి తీసిన కొత్త సీరం చుక్క వేస్తే, అది ఆ చిన్నవాటిని ఒకదానికొకటి జతచేసింది. ఆవగింజలంత ముద్దలు! "నీ రక్తం వద్దప్పా" అంటే తిమ్మన్న నా మీదికి చెయ్యెత్తాడు. చివరికి ఏసురాజు రక్తం సరిపోయింది. ఆ సుంకులమ్మే, అదిగో, వెనక బల్ల మీద బిడ్డతో కూర్చుని ఉంది. (చప్పట్లు.)

అమ్మా సుంకులమ్మా, నిజం చెబుతాను, క్షమించు. నిన్ను చూసినప్పుడల్లా నాకు సంతోషం కంటే ముందు మా రామేశ్వరమ్మ మీద బెంగ కలుగుతుంది. ఆమె ఇట్లా ఒక బల్ల మీద, బిడ్డతో, నన్ను చూసి నవ్వుతూ కూర్చుని ఉండాల్సింది.

ఈ శాలువాకు, పూలదండకు, ఇన్నేళ్ల ఓపికకు మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. రేపటి నుంచి ఆ గది తిరుపతమ్మది. చదువుకున్న పిల్ల, నాకంటే బాగా చేస్తుంది. అమ్మా తిరుపతమ్మా, నిన్ను ఒక్కటే అడుగుతాను. రోగి మనుషులు ఏడుస్తారు, అరుస్తారు, ఒకటే రక్తమని ఒట్టేస్తారు. నలభైమూడులో ఉన్న ఈ నారాయణప్పే వచ్చి, "నా పెండ్లాం పోతాండాదమ్మా, తొందరగా ఎక్కించు" అని నీ కాళ్ల మీద పడినా సరే, వాని మాట వినవద్దు. అరగంట ఆగు తల్లీ.

సెలవు.