కళ్ళకద్దుకున్న చేయి

“తాతగారూ, ఇప్పటికీ శనివారాలు తీర్పులు చదువుతున్నారా?”

లేదమ్మా. శనివారం ఉదయం కాఫీ తాగుతూ నేనూ మా అబ్బాయి మధూ ఇక్కడి ఫెడరల్ కోర్టు క్రిమినల్ అప్పీలు తీర్పొకటి చదివేవాళ్ళం. ఇప్పుడు చదవడం లేదు. జర్మనీలో ఈ ఎర్లాంగెన్‌కు ఇంజనీరుగా వచ్చిన కొత్తలో జర్మన్ పట్టుబడాలని మొదలుపెట్టిన అలవాటది. పెద్దయ్యాక వాడూ చేరాడు. ముగింపు చేత్తో మూసి, “చెప్పరా, శిక్ష నిలిచిందా, రద్దయిందా?” అనేవాణ్ణి. మీ అమ్మమ్మ, అదే, మా అక్కయ్య, ఇక్కడికి వచ్చినప్పుడు “తండ్రీకొడుకులకు ఇంతకన్నా మంచి కాలక్షేపం దొరకలేదుట్రా!” అని వెక్కిరించేది.

ఏం చెబుతున్నాను? ఆఁ, కరోనా మొదటి వసంతం. దుకాణం బయట క్యూ. మరీ దగ్గరగా నిలబడ్డావని ముందున్న పెద్దాయన మధు మీద గొడుగెత్తాడు. వీడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన వెనక్కి పడ్డాడు, తల మెట్టుకు తగిలింది. లేపబోతుంటే వీడి కాలు ఆయనకు తగిలింది. అప్పుడు మనవాళ్ళం ఏం చేస్తాం, చెప్పు? ఆయన భుజం ముట్టుకుని, చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. ఆయన బతకలేదమ్మా.

క్యూలోని వాళ్ళు చూసింది చూసినట్టే చెప్పారు. కింది కోర్టు మాత్రం, కావాలనే తోశాడు గనకే వెంటనే అలా ముట్టుకుని క్షమాపణ కోరాడని రాసింది. “కాలు తగిలితే మేమలా చేస్తాం” అని వీడంటే, అది తర్వాత తోచిన మాటన్నారు. నాలుగేళ్ళు జైలు.

అప్పీలు వేశాం. నేను ఇన్నేళ్ళు చదివినవాణ్ణి కదా. పై కోర్టు సాక్షుల్ని మళ్ళీ పిలవదు. కింది కోర్టు అనుకున్నట్టు అనుకోవడానికి వీలుంటే చాలు, అదే నిలుస్తుంది. “నిలుస్తుందా నాన్నా, రద్దవుతుందా?” అని ఈసారి వాడడిగాడు. “చూద్దాంరా” అన్నాను.

తపాలాలో వచ్చింది. ఒకే వాక్యం, అప్పీలు తోసిపుచ్చడమైనదని. కారణాలు లేవు, రాయనక్కర్లేదని చట్టమే చెబుతుంది. ఆ చేతి గురించి ఒక్క మాటైనా ఉంటుందేమోనని కాగితం తిప్పి చూశాను. ఖాళీ.

జైల్లో కలవనివ్వడం కొన్నాళ్ళు ఆపేశారు. ఇప్పుడు నడుమ అద్దం. నాకు ఎనభై దాటాయి తల్లీ. వాడు వచ్చేదాకా ఉంటాననుకోను. నువ్వు చల్లగా ఉండు.

వాడు లోపలికి వెళ్ళాల్సిన రోజు పొద్దున, వంటింట్లో ఖాళీ సీసాలు పేరుకుపోయి ఉన్నాయి. “ఇవి నువ్వు మోయలేవు నాన్నా, పద” అన్నాడు. వీధి చివర పాత గాజు సీసాలు వేసే డబ్బాల దగ్గర నేను సంచి పట్టుకుంటే, వాడు ఒక్కొక్కటే తీసి తెల్లవి ఒకదాంట్లో, పచ్చవి ఒకదాంట్లో వేశాడు. పచ్చడి సీసాకు మూత ఉండిపోయింది. ఆ మూత తిప్పి తీసి, నా చేతికిచ్చాడు…