ముప్పై దగ్గర నల్లగీత

ల్యాబ్‌లో, ఫొటో తీసే మిషన్ ముందు ఇద్దరు పరిశోధకులు: జూనియర్, ఆమె సీనియర్ అక్క.

"...వచ్చేసిందక్కా. ఆరు నెలల తర్వాత నా ప్రోటీన్ గీత, బ్యాండ్ వచ్చేసింది. కాటుకతో గీసినట్టు లేదూ?"

"చెయ్యి తియ్యి, స్క్రీన్ కనపడట్లేదు."

"రేపు మీటింగ్‌లో సార్‌కి చూపిస్తా. బ్యాండ్ రాకపోతే నా ప్రాజెక్టు మూసేస్తానన్నారుగా. ఇప్పుడు మూయమను."

"నీ ప్రోటీన్ సైజెంత?"

"డెబ్బై కిలోడాల్టన్లు."

"గీత ఎక్కడుంది?"

"కొంచెం కింద."

"ఎంత కింద?"

"ముప్పై దగ్గర. జెల్‌లో పరిగెత్తి పరిగెత్తి చిక్కిపోయిందేమో అక్కా."

"పరిగెడితే చిక్కిపోదే. చిన్నది కాబట్టే అంత కిందికి పోయింది. ఇది నీ ప్రోటీన్ కాదు తల్లీ."

"మరి యాంటీబాడీ పట్టుకుందిగా? నా ప్రోటీన్‌కి తగిలించిన ట్యాగ్‌నే పట్టుకుంటుందని నువ్వే చెప్పావ్."

"అది గేటు దగ్గర వాచ్‌మన్‌లాంటిదే. మెడలో కార్డు చూస్తుంది, మొహం చూడదు. కార్డు ఎవరు వేసుకొచ్చినా సలాం కొడుతుంది."

"అంటే ఎవరో నా కార్డు వేసుకొచ్చారా?"

"ల్యాబ్‌లో ఈ ట్యాగ్ వాడేదెవరు?"

"నేనూ... నువ్వూ."

"ఈసారి డీఎన్ఏ ట్యూబ్ ఎక్కడ తీశావ్?"

"ఫ్రిజ్‌లోనే. పచ్చ మూతది."

"నీ మూత ఏ రంగు?"

"నీలం. అయ్యో. నీ ట్యూబా అక్కా?"

"ఆగు."

"తిట్టేయ్ పోనీ. అలా చూస్తుంటే భయమేస్తోంది. రేపు సార్‌కి ఏం చెప్పను?"

"నా ప్రోటీన్ సైజెంతో తెలుసా?"

"ముప్పై."

"మూడేళ్లలో నాకెన్ని బ్యాండ్‌లు వచ్చాయో తెలుసా?"

"ఒక్కటీ రాలేదని... అందరూ అంటారు. నేననను."

"ఆ డీఎన్ఏ ఎక్కించిన బ్యాక్టీరియాని ఏం చేశావ్ నువ్వు?"

"వెచ్చగా పెంచాలిగా. ఇంక్యుబేటర్‌లో పెట్టా."

"పెట్టి?"

"స్విచ్ వెయ్యలేదు. పొద్దున చూస్తే చల్లగా ఉన్నాయి. అప్పటికే టైమైపోయిందని అలాగే వాడేశా."

"ఇంకా?"

"ప్రోటీన్ తయారుచెయ్యమని వేసే మందు ఉందిగా, సగం ఒలికిపోయింది. మిగతాదే వేశా."

"ఇంకా?"

"ఇంకా అంటే... నిజంగా తిట్టవుగా?"

"తిట్టను. కుర్చీ లాక్కుని కూర్చో. చేసిన తప్పులన్నీ వరసగా చెప్పు, ఒక్కటి కూడా వదలకు. నీ నీలం మూతకీ అవే చేద్దాం. రేపు సార్‌కి మన కొత్త పద్ధతని చెప్పాలి."