పాల పరీక్ష గదిలో జనార్ధనం గారు వేసిన తీగ

1990వ సంవత్సరం జూన్ పదకొండవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీ జనార్ధనం గారు మన పాల సహకార సంఘం ఆరణి కేంద్రంలో తూకం గుమాస్తాగా విధుల్లో చేరినారు. ఈ నెలాఖరున తిరుత్తణి శీతలీకరణ కేంద్రం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. సంఘం పత్రిక ఈ సంచికలో తక్కిన పుటలన్నీ తమిళంలో ఉన్నా, ఈ ఒక్కటి తెలుగులో ఉండాలని వారి ధర్మపత్ని సుందరవల్లి గారు కోరినారు. కుమార్తె దర్శినికి తెలుగు చదవడం కష్టమనీ, తామే చదివి వినిపిస్తామనీ అన్నారు. వ్యాసాలు రాసేంత చదువు నాకు లేదు. పక్క బల్ల దగ్గర కూర్చుని చూసినది మాత్రం రాయగలను.

ఆరణి నుండి పొన్నేరికి, అక్కడినుండి తిరువళ్లూరు ప్రధాన కార్యాలయానికి, చివరకు మా తిరుత్తణికి వారికి బదిలీలైనాయి. సంఘానికి మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు వారిని చెన్నైకి శిక్షణకు పంపినారు. శిక్షణలో ఏమి నేర్పినారో గాని, వారికొక అలవాటు వచ్చింది. ఏ యంత్రం దగ్గరికి పోయినా గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు ఒక చుట్టు తిరిగి, దాని వెనక నిలబడతారు. ముందువైపు చూడటానికి మీరందరూ ఉండారు కదా అనేవారు.

కరోనా తగ్గిన మరుసటి ఏడు తిరువళ్లూరు నుండి ఒక ఉత్తర్వు వచ్చింది. పాలు పోసిన ప్రతి ఒక్కరి వెన్న శాతం అప్పటికప్పుడు నెట్‌వర్కు ద్వారా ప్రధాన కార్యాలయానికి చేరాలి. చేర్చలేని కేంద్రాల్లో పరీక్ష ఎత్తివేసి, పాలను తిరువళ్లూరులోనే పరీక్షిస్తారు. మా పరీక్ష యంత్రమేమో ఒక పాత కంప్యూటరుతో తప్ప దేనితోనూ పనిచేయదు. దానికి నెట్‌వర్కు తీగ పెట్టే చోటే లేదు. అంత దూరం లారీలో పోయి పాలు విరిగితే, నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? పరీక్ష చేసే దేవసేనమ్మకు బదిలీ తప్పదు.

జనార్ధనం గారు యథాప్రకారం దాని వెనక్కి పోయినారు. స్లిప్పుల ప్రింటరు తగిలించిన సీరియల్ పోర్టు కనబడింది. ప్రింటరును తీసి, అక్కడినుండి ముందు గదిలోని కొత్త కంప్యూటరుకు ఒక తీగ లాగినారు. ఇంత సన్నని తీగ మీద నెట్‌వర్కు మాటలు ఎట్లా నడుస్తాయని అడిగినాను.

"ఒక్కొక్క అక్షరమే పోతుంది సామీ, వరసగా. ఒక మాట అయిపోతానే, ముగిసిందని చివర ఒక గుర్తు వేస్తాము. ఆ గుర్తును చూసి అవతలిది మాటలు విడదీసుకుంటుంది."

అన్నీ చేరినాయి, ప్రతి ఉదయం మొట్టమొదట పాలు పోసేవారి లెక్క తప్ప. మొదట వచ్చేది ఎప్పుడూ కోకిలే.

"నా పాలంటే మీ మిషనుకు అంత ఏవగింపా అన్నా?" అనిందా అమ్మాయి.

ఒకరోజు వేరే వారిని ముందు పోయమన్నారు. ఆ రోజు వారి లెక్క పోయింది. కోకిల నవ్వి, "చూసినారా, నా బర్రె మంచిదే," అనింది. తీగ మార్చినారు, మొనలు తుడిచినారు. ఫలితం లేదు. తనిఖీకి తిరువళ్లూరు నుండి పార్థిబన్ గారు రానే వచ్చినారు.

ఆ ఉదయం జనార్ధనం గారు ముందు గదిలో కూర్చుని, తీగ వెంట వచ్చే అక్షరాలను తెర మీద ఉన్నవి ఉన్నట్టుగా చూసినారు. దేవసేనమ్మ స్విచ్ వేసింది. మొదట తిరుత్తణి స్వామి పేరు వచ్చింది. పేరు చివర ముగింపు గుర్తు లేనందున, దాని తోకకు అతుక్కుని కోకిల లెక్క ఒకే మాటగా వచ్చింది.

అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. ప్రతిదినం మొదటి స్లిప్పు మీద స్వామి పేరు పడాలని ఏళ్ల కిందట దేవసేనమ్మ కోరితే, పెట్టించినది జనార్ధనం గారే. ఆ స్లిప్పును పటం దగ్గర పెట్టి గాని ఆమె పని మొదలుపెట్టేది కాదు. ప్రింటరు పోయినా పేరు మాత్రం అదే దారిన వస్తూ ఉంది.

"ఆ లైను తీసేయండి, సరిపోతుంది," అన్నారు పార్థిబన్ గారు.

"సామి ముందునుంచీ ఉండాడు సార్. నడుమ వచ్చింది మీ తీగ," అనింది దేవసేనమ్మ.

"ఎవురూ ఎవురికీ అడ్డం లేదులేమ్మా," అన్నారు జనార్ధనం గారు. మాట చివర వేసే గుర్తునే మాటకు ముందు కూడా వేసినారు. దానితో అంతకు ముందు వచ్చినది వేరే మాటగా విడిపోయింది. మరునాడు పార్థిబన్ గారు చూస్తుండగా, కోకిల లెక్క చెక్కుచెదరకుండా తిరువళ్లూరు చేరింది. పరీక్ష మా కేంద్రంలోనే నిలిచింది. ఈ ఉదయం కూడా దేవసేనమ్మే చేసింది.

నాకొక సందేహం మిగిలింది. "మరి సామి పేరు యాడికి పోతుందన్నా?" అని అడిగినాను.

"పాల లెక్కల మాదిరి దాని మీద తిరువళ్లూరు అడ్రసు లేదు కదా. మిషను పక్కన పెట్టేస్తుంది."

"పక్కన పెడితే?"

"మిషను వరకే సామీ నాకు తెలిసేది. ఆపైన నువ్వే చెప్పాల."

దినమూ పూజ చేసేవాణ్ణే అయినా అది నాకూ ఇప్పటికీ తెలియదు. అయితే అడ్రసు లేని మాట చేరదని మాత్రం అనుకోలేను.

జనార్ధనం గారు, సుందరవల్లి గారు ఆయురారోగ్యాలతో, దర్శిని ఎదుగుదలను కళ్లారా చూసుకుంటూ చిరకాలం సుఖంగా ఉండాలని మా కేంద్రం తరఫున కోరుకుంటున్నాను. వచ్చే నెల మొదటి ఉదయం దేవసేనమ్మ స్విచ్ వేసినప్పుడు ముందు గదిలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంటుంది. స్వామి పేరు ఆయన వేసిన తీగ వెంట పోతుంది. ఆ వెనకే, కోకిల లెక్కకు ముందు, ఈ కోరిక కూడా పోతుంది.