పాకం చప్పుడు

హలో… ఆ, నేనే. మునిరామయ్యనే. ఈ ఫోను ఇంకెవరు తీస్తారు.

…

లేదు, నిద్ర లేపలేదులే. కోడి కూయక ముందే లేచి అరుగు మీద కూర్చొని ఉండా. అప్పుడు చుక్కలు కనబడతా ఉన్నాయి. అంతలోకే తూర్పు నుంచి మబ్బొచ్చి తడిగుడ్డ కప్పినట్టు కప్పేసింది. చినుకు లేదు, గాలి లేదు. ఊరికే చెమ్మ.

…

ఊఁ. మబ్బు సంగతి అడిగేదానికి చేసి ఉండవు నువ్వు. ఏడాదాయె గుణా, నీ గొంతు విని. సొంత అక్క ఇల్లు, రెండు మైళ్ళు లేదు… సరే, ఆ మాట వద్దులే.

…

బాగుండానా అంటే ఏం చెప్పేది. కరోనా వచ్చి నాలుగేండ్లు దాటింది, ఇంకా ఏంది నీకు అంటారు ఊర్లో. వచ్చిన చుట్టం పోయినాడప్పా. మూటలు మాత్రం మా ఇంట్లో వదిలేసి పోయినాడు.

…

ఆ, పోయిన నెల తిరుపతికి పోయొచ్చినా. ఎక్స్‌రే బాగుంది. రక్తం బాగుంది. గుండె బాగుంది. కాయితాలు సూస్తే ఈ మండలంలో నాకన్నా గట్టోడు లేడు. మిద్దె మెట్లు పది ఎక్కితే మాత్రం పదకొండో మెట్టు మీద కూర్చోవాల.

…

నవ్వు, నవ్వేదానికే చెప్పింది.

…

లాంగ్ కోవిడ్ అంట. రెండేండ్ల ముందర డాక్టరమ్మ చెప్పింది. నాటకం కాదు, సోమరితనం కాదు, దీనికొక పేరుండాది అనింది. ఆ పూట నాకు సగం బరువు దిగింది గుణా. పేరున్నదాంతో అయితే కొట్లాడొచ్చు.

…

మందు అని పెద్దగా ఏం లేదు. ఊపిరి లెక్కపెట్టి పీల్చమనింది. ఒంట్లో ఉండే శక్తిని చూసి చూసి వాడుకోమనింది. మన బోరు మోటర్లకు కరెంటు ఇస్తారు సూడు, అట్లనే. నాకు పొద్దున ఐదు గంటలు త్రీ ఫేజు. ఆ తర్వాత సింగిల్ ఫేజే. లైటు వెలుగుతాది, మోటరు తిరగదు. బలవంతంగా తిప్పితే కాలిపోతాది, మూడు దినాలు మంచం. అది తెలుసుకునేదానికే రెండేండ్లు పట్టింది నాకు.

ఇంక చెప్పు. ఎందుకు చేసినావు.

…

ఊరికే చేయవు నువ్వు. పక్కన మంట మండేది వినబడతా ఉండాది. నీ బెల్లం గానుగ కాడ్నించే కదా.

…

మొదటి పెనం పాకం గట్టిపడలేదా.

…

రెండోది కూడానా. … అచ్చు తీస్తే సంగటి మాదిరి జారిపోతా ఉండాదా. ఊఁ. … మూడోది ఇప్పుడు పొయ్యి మీద ఉండాది. ఊఁ.

మరి ఏకాంబరం ఉండాడు కదప్పా. నా బదులు పాకం చూసేదానికి బంగారుపాళ్యం నుంచి పిలుచుకొచ్చుకుంటివే.

…

నాకెవరు చెప్తే ఏముంది. రెండు మైళ్ళలో ఎవరి పెనం కాడ ఎవరు నిలబడినారో తెలియకుండా ఉంటాదా.

…

బావా బావా అని ఊరికే అనొద్దు. పోయిన ఏడు, పదిమంది కూలోళ్ళ ముందర, బావకు మతి తప్పింది అనింది ఎవరు?

…

అన్నావు. మురికి తేలేదానికి పోసే సున్నం నీళ్ళు రెండుసార్లు పోసినాను, నిజమే. ఒకసారి పోసింది గుర్తు లేదు, మళ్ళా పోసినా. బెల్లం నల్లగా వచ్చింది. మాడేది కూడా నా ముక్కుకు తెలియలేదు. ముప్పై ఏండ్లు పాకం చూసినోడు చేసే తప్పు కాదది. నీకు కోపం రావడం తప్పు కాదు. ఆ మాట తప్పు. చెయ్యి తప్పింది అనింటే సరిపోయేది.

…

ఆగు. … ఊపిరి. … మూడు, నాలుగు. … ఆ, ఇప్పుడు చెప్పు.

…

ఏందీ? మామిడి తోట కాడనా?

…

కుర్చీ ఏసి, నీడలో కూర్చోబెట్టి, కోతుల్ని తోలమంటావా నన్ను. మంచి మనసే నీది. కానీ నేను రాను. కోతులు తోలేదానికి నీ తోటలో కుక్క ఉండాది. మళ్ళా ఆ మాట ఎత్తితే ఫోను పెట్టేస్తా.

…

మీ అక్క ఈడనే ఉండాది. తలకాయ ఊపతా ఉండాది. నా పక్కకా నీ పక్కకా తెలియడం లేదు.

…

బండి పంపిస్తావా. పంపి ఏం చేస్తావు. నీ బండి వచ్చి, నేను ఎక్కి, ఆడికొచ్చేలోపు పాకం దాటిపోతాది. ఇప్పుడు యాడికొచ్చింది? మురికి తీసేసినారా?

…

దాంతో తీసినారా… ఆ గరిటె… గరిటె కాదు, చిల్లులుంటాయి సూడు… పేరు రావడం లేదు. నువ్వు చెప్పు.

…

ఆ, జల్లి గరిటె. ఇట్ల పోతాయి మాటలు. పోతే పోనీ, మళ్ళా వస్తాయి. నవ్వినావా?

…

నవ్వినా ఏం కాదులే.

గుణా, ఒక పని చెయ్యి. ఫోను పెనం కాడికి తీసుకుపో. ఆవిరి తగలనీకుండా పట్టుకో, కానీ దగ్గరగా.

…

పిచ్చి కాదు. పెట్టు. నేను వినాల.

…

…

ఇంకా పల్చగా ఉండాది. రేకుల మీద వాన పడినట్టు సలసల అంటా ఉండాది. నీళ్ళ చప్పుడది. ఇంకా టైముండాది.

…

ఎట్ల తెలుస్తాదంటే… చెప్తా. నువ్వు పనిలో నుంచి పంపించేసినాక నేను ఇంట్లో పడుకోలేదు. ఐరాల దావలో మునికృష్ణ గానుగ ఉండాది కదా. దినమూ పొద్దున పోయి, గోడ అవతల ఆనుకొని, కళ్ళు మూసుకొని కూర్చొనేది. నాలుగు నెలలు. పోయే వచ్చే వాళ్ళందరూ పాపం నిద్రపోతా ఉండాడు అనుకున్నారు. మునికృష్ణ పెండ్లాం ఒకరోజు మజ్జిగ కూడా తెచ్చిచ్చింది జాలిపడి.

నేను వింటా ఉన్నానప్పా. ముక్కు పోతే పోయింది. చెవులుండాయి కదా.

…

ఆ. పెనం పెనానికీ చప్పుడు విని, ఇప్పుడు దించాల అని నాలో నేను అనుకునేది. గోడ అవతల మునికృష్ణ దించమని అరిచేది ఎప్పుడా అని సూసేది. మొదట్లో అన్నీ తప్పే. ఉగాదికి పదికి తొమ్మిది కుదిరినాయి.

…

ఎవరికి చెప్పేది? చెప్తే, మతి తప్పినోడు గోడతో మాట్లాడతా ఉండాడు అనరా.

…

వద్దు, సారీలు వద్దు. పెనం కాడుండి మాట్లాడే మాటలు కావవి. ఏకాంబరానికి ఇయ్యి ఫోను.

…

ఏకాంబరం అన్నా, నమస్కారం. నేను మునిరామయ్యను.

…

నీ తప్పేం లేదన్నా. పాకం నీళ్ళలో వేసి ఉండ చేసి సూసినావు, ఉండ వచ్చింది, దించినావు. ఎవరైనా అట్లే చేస్తారు. ఎండ దినం అయింటే ఈ పాటికి గుండ్రాయి అయింటుంది. ఇది మబ్బు దినం. గాలిలో ఉండే చెమ్మంతా బెల్లం లాక్కుంటాది. ఇట్లాంటి పూట ఉండ వచ్చినాక కూడా ఇంకొంచెం పోనీయాల.

…

ఆ ఇంకొంచెం ఎంత అనేదే కష్టం. ఎక్కువైతే మాడతాది. అందుకే నేను వింటా. మీరు వాసన సూడండి. నా ముక్కుకు ఇప్పుడు బెల్లం వాసన టైరు కాలినట్టు వస్తాది, అది నమ్మేదానికి లేదు. … ఆ, కాఫీ కూడా అంతే. కిరసనాయిల్.

…

రెండేండ్లు ఏ వాసనా లేదు. ఇప్పుడు తప్పుడు వాసన వస్తాది. రాకపోయేదానికన్నా ఇది మేలు అనింది డాక్టరమ్మ. దోవ తప్పినా నడిచొస్తా ఉండాది కదా అనుకుంటా ఉండా.

మంట కొంచెం తగ్గించు అన్నా. చెరుకు పిప్పి తడిసిందేమో, పొగ ఎక్కువుందా?

…

తడిది పక్కకు లాగేయ్. ఎండుది సన్నంగా వెయ్యి. ఆ. ఫోను మళ్ళా గుణాకు ఇయ్యి.

…

గుణా. దగ్గరగా పెట్టు. నువ్వు ఊపిరి గట్టిగా తీయొద్దు, నాకు అదే వినబడతా ఉండాది.

…

ఇప్పుడు గుడగుడ అంటా ఉండాది. నురగ పసుపు తిరిగిందా?

…

పొంగితే చెనక్కాయల నూనె రెండు చుక్కలు వెయ్యమను. … వేసినాడా. మంచిది.

…

వాసన చెప్పు.

…

బాగుండాది అంటే ఏం బాగుండాది. నీ ముక్కు ఈ పూటకు నాకిచ్చినావనుకో. చెరుకు వాసనా, బెల్లం వాసనా?

…

వేయించిన వాసన తగలతా ఉందా?

…

ఇంకా లేదు. సరే. ఉండు.

…

…

ఇదిగో. చప్పుడు బరువు పడింది. వింటివా? బుడుక్… బుడుక్… బురదలో ఎద్దు కాలు పెట్టి తీసినట్టు. ఏకాంబరాన్ని ఉండ సూడమను.

…

వచ్చిందా. గట్టిగానే వచ్చిందా. దించొద్దు.

…

దించొద్దు అంటా ఉండా. మొదటి రెండూ ఈడనే దించినారు మీరు.

…

నేను లెక్కపెడతా ఉండా. బుడగకూ బుడగకూ నడమ నాకు ఇప్పుడు రెండు లెక్కలు పడతా ఉండాది. మూడు పడాల. … ఊపిరికి నేర్పిన లెక్కే. డాక్టరమ్మకు తెలియదు దాంతో బెల్లం కాస్తా ఉండానని.

…

భయపడొద్దు గుణా. మాడితే నా మీద ఎయ్యి. ఒకసారి వేసినావు, రెండోసారి మొయ్యలేనా.

…

రెండు. … రెండు. … వాసన చెప్పు, తొందరగా.

…

చెనక్కాయ పప్పు వేయించినట్టుందా? చేదు లేదు కదా?

…

మూడు. … మూడు. … దించు. ఇప్పుడు. మంట లాగేయమను. పెనం ఎత్తండి.

…

…

ఎత్తినారా. తొట్టిలో పోసినారా. తిప్పమను, ఆగకుండా తిప్పమను. నువ్వు ఒక గరిటెడు తీసి బండ మీద పొయ్యి. ఫోను కట్ చేయొద్దు.

…

ఉండు, మీ అక్క అడగతా ఉండాది. … ఏం లేదు వరదా. దగ్గు కాదు. ఊపిరి బిగబట్టినట్టున్నా, తెలియలేదు. … నీళ్ళు ఇట్ల ఇయ్యి.

…

ఆ, గుణా. ఇంకా బంక మాదిరే ఉందా. చెయ్యి పెట్టొద్దు. ఉండనీ. మబ్బు పూట తీరిగ్గా గట్టిపడతాది.

…

…

లేపు. కత్తి కొన పెట్టి లేపు.

…

వచ్చిందా. విరువు.

…

…నాకూ వినబడింది. టక్కుమనింది. రంగు?

…

లేత గోధుమ రంగు. ఊఁ. సరే.

…

ఏం లేదు. సరే అంటా ఉండా. అంతే.

…

మీ అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటా ఉండాది. పొయ్యి పొగ అంటా ఉండాది. ఈడ పొయ్యే మండడం లేదు.

…

మొదటి రెండు పెనాలదీ పారేయొద్దు. తర్వాత కాచే రసంలో కొంచెం కొంచెం కలిపి కాయండి. పోయిందేం లేదు.

ఇప్పుడు నా మాట విను. రేపు నేను వస్తా.

…

తోటకు కాదు. పెనం కాడికి. జాలికి కాదు, పనికి. పొద్దున మూడు పెనాలు నావి. మూడే. నాలుగోది దించమని నువ్వు దండం పెట్టినా దించను. ఆ తర్వాత పెనాలు ఏకాంబరానివి. ఆయన్ను పంపించేస్తే నేను రాను. పని తెలిసినోడు, ఒక మబ్బు పూట చూసి తీసేయొద్దు.

…

పొయ్యికి పక్కన ఒక కుర్చీ ఎయ్యి. ప్లాస్టిక్‌ది వద్దు, సెగకు వంగిపోతాది. చెక్కది. నిలబడి పాకం చూస్తేనే మగోడు అనేది ఎవరైనా ఉంటే నా ముందరికి రమ్మను.

…

సున్నం నేనే పోస్తా. పోసినాక సున్నం చిప్ప బోర్లిస్తా. చిప్ప బోర్లా ఉంటే పోసినట్టు, వెల్లకిలా ఉంటే పోయనట్టు. నా మతితో పని లేదు దానికి. మీ అక్క వస్తాది నాతో. ముక్కు దానిది, చెవులు నావి. ఇద్దరికీ కలిపి ఒక మనిషి అనుకో.

…

మీ అక్క అంటా ఉండాది, ఒక మనిషి కాదు ఒకటిన్నర అని. అర ఎవరో నన్నడగొద్దు.

…

నాకు నీ సారీ వద్దు గుణా, ఇందాకే చెప్పినా. నువ్వు పదిమందిలో అన్నావు. పదిమందిలోనే ఇంకొక మాట చెప్పు. రేపు పెనం కాడ మునిరామయ్య అని. అంతే. మోకాళ్ళ మీద పడేది ఏం వద్దు. స్పీకర్ పెట్టు, నేను వింటా.

…

ఇంకొంచెం గట్టిగా.

…

…

ఆ. విన్నా. … ఏకాంబరం ఏమో అంటా ఉండాడే?

…

కుర్చీ తనే తెస్తాడా. మంచోడు.

…

ఉండు, ఆగు. … రెండు, మూడు. … లేదు, బాగుండా. ఈ పూట కరెంటు అయిపోవస్తా ఉండాది, అంతే. ఇంక పడుకుంటా. రేపటికి మిగిలించుకోవాల.

…

తినలేదు. నువ్వు?

…

రాత్రి రెండు గంటల నుంచి ఏమీ తినకుండా నిలబడి ఉండావా. మీ ఇంటి నుంచి క్యారియర్ వచ్చిందా? … తెరువు మరి. ఈడ మీ అక్క తినేదానికి తట్ట పెట్టేసింది. సంగటి, నంజుకునేదానికి ఊరిబిండి. నీకు? … నీకూ సంగటేనా.

…

కట్ చేయొద్దు. పక్కన గోడ మీద పెట్టు ఫోను. నేనూ ఈడ అరుగు మీద పెడతా. కానీ తినేటప్పుడు నేను మాట్లాడను గుణా. మాట్లాడితే ఊపిరి అడ్డం పడతాది. నాలుగేండ్లుగా మా ఇంట్లో ఇట్లే, నోరెత్తకుండా తింటాము. నువ్వూ ఏం మాట్లాడొద్దు.

…

ఏడిస్తే ఉప్పెక్కువ అవుతాది. తిను.

…

…

ఊఁ.

…

…

…